కణితిలో దొరికిన దాయాది

అమ్మాయీ,

నీ వ్యాసం రాత్రి చదివాను, పొద్దున లేచి మళ్లీ చదివాను. వెటర్నరీ చదువు మధ్యలో, పరీక్షల టెన్షన్ నెత్తిమీద పెట్టుకుని, కుక్క నుంచి కుక్కకు అంటుకునే క్యాన్సర్ లాంటి ఇంత పెద్ద విషయానికి పూనుకున్నావు, చాలా సంతోషం. తెలుగులో సైన్సు రాసేవాళ్లే తక్కువ. అందులో పశువైద్యం చదివి రాసేవాళ్లు మరీ తక్కువ. అందుకే ఊరికే "బాగుంది" అని వదిలెయ్యబుద్ధి కాలేదు. ఉత్తరం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

"8 వేల ఏళ్లుగా చావని కుక్క" అని పేరు పెట్టావు. ముందు ఆ పేరు తీసెయ్. ఆ కుక్క ఎప్పుడో చచ్చిపోయింది. దాని ఒంట్లో ఒకచోట అదుపు తప్పి పెరిగిన కణాలు మాత్రం జతకట్టేటప్పుడు ఇంకో కుక్కకు అంటుకున్నాయి. దాన్నుంచి ఇంకోదానికి, అలా ఇవాళ్టిదాకా వచ్చాయి. ఇందులోనే కావలసినంత వింత ఉంది, పైపూత అక్కర్లేదు. చావని కుక్క అనగానే చదివేవాళ్ల మనసులో ఒక మాయలమరాఠీ కథ మొదలవుతుంది. ఆ తర్వాత నువ్వు ఎంత జాగ్రత్తగా రాసినా ప్రతి వాక్యాన్నీ ఆ కథలోకే లాక్కుపోతారు.

నీ వ్యాసం సైబీరియా మంచులో మొదలైంది. నేనైతే మీ కాలేజీ క్లినిక్‌లో మొదలుపెడతాను. నువ్వు తరచూ చూసే కేసే. వీధిలో నలుగురూ అన్నం పెట్టే ఆడకుక్క. వెనకనుంచి నెత్తురు చుక్కలు పడుతుంటే ఎదకొచ్చిందనుకుని వారాల తరబడి ఎవరూ పట్టించుకోరు. చివరికి ఎవరో ఒకరు మనసాగక ఆటోలో వేసుకొస్తారు. మూతి కట్టి, తోక పక్కకు తీసి చూస్తే ఎర్రగా, గరుకుగా, ముట్టుకుంటే నెత్తురు కారే కండ. స్లైడును దానికి అద్ది, ఆరనిచ్చి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే గుండ్రటి కణాలు, వాటి లోపల అంచు వెంబడి చిన్న చిన్న తెల్లటి ఖాళీలు. మీ మేడమ్ ఒక్క చూపులో "టీవీటీ" (జతకట్టడం వల్ల అంటుకునే కణితికి ఇంగ్లిషు పొట్టిపేరు) అనేస్తారు, కేస్ షీటు మీద రాసేస్తారు, తర్వాతి కుక్క బల్ల ఎక్కుతుంది.

ఆ స్లైడు మీదున్న కణాలు ఆ కుక్కవి కావు. ఈ సంగతి నీ వ్యాసంలో నాలుగో పేజీలో, రెండు కామాల మధ్య వచ్చింది. అది మొదటి పేరాలోకి రావాలి. మామూలు క్యాన్సర్ మన ఒంట్లో కణమే చెడి, పెరిగి, చివరికి మనతోపాటే కాటికి పోతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో అంటుకునేది వైరస్, క్యాన్సర్ మాత్రం ఆ మనిషి సొంత కణాల్లోంచే పుడుతుంది. ఈ కుక్కల జబ్బులో అంటుకునేది బతికున్న క్యాన్సర్ కణమే. జతకట్టేటప్పుడే ఎక్కువ, నాకడం, వాసన చూడటం వల్ల కూడా. అందుకే ఒక్కోసారి ముక్కులోనూ నోట్లోనూ కనిపిస్తుంది. ఈ తేడా స్థిరపరచకుండా ముందుకు కదలొద్దు. బాగా చదువుకున్నవాళ్లు కూడా దీన్ని విని "ఓ, వైరస్సా" అనేస్తారు.

ఈ తేడా ఎలా తెలిసిందో కూడా చెప్పు. 1876లో నొవిన్‌స్కీ అనే రష్యన్ పశువైద్యుడు ఒక కుక్క కణితి ముక్కను ఇంకో కుక్కకు అంటించి పెంచాడని రాశావు. నిజమే. కానీ దాంతోనే అంతా రుజువైపోయినట్టు రాశావు. అంటించిన ముక్కలో ఏ వైరసో ఉండి, అదే కొత్త కుక్క కణాలను చెడగొట్టి ఉండొచ్చు కదా? ఆ అనుమానం చాలాకాలం నడిచింది. ఈ కణితుల్లో మిక్ అనే జన్యువు పక్కన ఒక డీఎన్ఏ తునక చొరబడి ఉంటుందనీ, ప్రతి కణితిలోనూ అదే చోట ఉంటుందనీ తర్వాత తెలిసింది. కుక్క కణంలో 78 క్రోమోజోములుంటే ఈ కణాల్లో 60కి అటూ ఇటూ ఉంటాయనీ తెలిసింది. ముడి పూర్తిగా విప్పింది 2006లో, లండన్ యూనివర్సిటీ కాలేజీలో క్లాడియో ముర్జియా, రాబిన్ వైస్ బృందం. ఇటలీ, కెన్యా, మన దేశం వంటి చోట్ల నుంచి వచ్చిన కణితుల డీఎన్ఏనీ, వాటిని మోసిన కుక్కల డీఎన్ఏనీ పక్కపక్కన పెట్టి చూశారు. కణితి తనను మోస్తున్న కుక్కతో కలవలేదు. ఎక్కడో వేరే ఖండంలో, వేరే జాతి కుక్క ఒంట్లో ఉన్న కణితితో కలిసింది. ఈ పోలికను తొందరపడకుండా రాయి. చదివేవాళ్లు తమంతట తామే "అయితే ఇవన్నీ ఒకే కుక్కవా!" అనుకోవాలి. ఆ మాట నువ్వు ముందే అనేస్తే ఆ సంతోషం వాళ్లకు దక్కదు.

ఇక అసలు విషయం. "కణితిలో తొలి కుక్క డీఎన్ఏ చెక్కుచెదరకుండా ఉంది" అన్నావు. చెక్కుచెదరడమేమిటి, చెల్లాచెదురైంది. కేంబ్రిడ్జిలో పనిచేసే ఎలిజబెత్ మర్చిసన్ బృందం 2014లో రెండు కణితుల మొత్తం జన్యుక్రమం చదివింది. ఒకటి ఆస్ట్రేలియా ఆదివాసుల ఊళ్లో తిరిగే కుక్కది, ఇంకోటి బ్రెజిల్‌లో ఒక కాకర్ స్పేనియల్‌ది. వాటిలో పోగుపడ్డ మ్యుటేషన్లు, అంటే డీఎన్ఏలో వచ్చిన మార్పులు, దాదాపు 20 లక్షలు. మనుషుల క్యాన్సర్లలో చాలావాటికి 1,000 నుంచి 5,000 దాకా ఉంటాయి. అంత మారిపోయిన దాంట్లోంచి తొలి కుక్కను బయటికి తియ్యడం ఎలా? నీ వ్యాసంలో ఈ ప్రశ్నే లేదు. నాకు మాత్రం ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే, అందుకని ఇక్కడ కాస్త ఆగుతాను.

కోసి తెచ్చిన కణితి ముక్కలో రెండు కుక్కల డీఎన్ఏ కలిసి ఉంటుంది. కణితి కణాలు తొలి కుక్క సంతతి. వాటి మధ్యకు పాకిన రక్తనాళాలూ, పోరాడటానికి వచ్చిన తెల్లకణాలూ ఇప్పటి కుక్కవి. కాబట్టి ఇప్పటి కుక్క డీఎన్ఏను విడిగా చదివి, ముందు దాన్ని తీసెయ్యాలి. మిగిలిన దాంట్లో మళ్లీ రెండు రకాలు. తొలి కుక్క తన తల్లిదండ్రుల నుంచి పుట్టుకతో తెచ్చుకున్నవి కొన్ని, క్యాన్సర్ అయ్యాక వేల ఏళ్లలో చేరిన మార్పులు కొన్ని. మన పాఠ పరిష్కర్తలు ఒకే కావ్యానికి దొరికిన తాళపత్ర ప్రతులన్నీ ముందేసుకుని, ఏది కవి రాసిందో ఏది లేఖకుడి పొరపాటో తేల్చినట్టే ఇదీ. ఒక కణితిలోనే ఉండి రెండోదాంట్లో లేని మార్పు దాదాపుగా తర్వాత వచ్చిందే. రెండింటిలోనూ ఉంటే మాత్రం వెంటనే పుట్టుకతో వచ్చిందని చెప్పలేం, ఎందుకంటే ఈ రెండు కణితులూ విడిపోయి దాదాపు 500 ఏళ్లే అయింది. అంతకుముందు వేల ఏళ్లు అవి ఒకటే, అప్పుడు చేరిన మార్పులు రెండింటికీ వస్తాయి. అందుకే ఇంకో తనిఖీ కావాలి. అదే మార్పు ప్రపంచంలో వేరే కుక్కల్లోనో తోడేళ్లలోనో మామూలుగా కనిపిస్తుంటే అది వంశంలో వచ్చిందే అయ్యుంటుంది. అలాంటి చోట్లు పట్టుకుని చూస్తేనే తొలి కుక్క బంధువులెవరో తెలుస్తుంది.

ఇది రాయడం కష్టమే. కానీ ఇది లేకపోతే మిగతాదంతా జ్యోతిషం చెప్పినట్టు ఉంటుంది. "శాస్త్రవేత్తలు కనుగొన్నారు" అన్న మాట నీ వ్యాసంలో అడుగడుగునా ఉంది. అది కనిపించిన ప్రతిచోటా ఆగి, ఎలా కనుగొన్నారో ఒక్క వాక్యమైనా పెట్టగలవేమో చూడు. పెట్టలేకపోతే ఆ సంగతి నీకు ఇంకా పూర్తిగా పట్టుబడలేదన్నమాట, మళ్లీ వెళ్లి చదువు.

ఆ తొలి కుక్క ఎలా ఉండేదో నువ్వు రాసిన పేరా అందంగా ఉంది, ఎక్కువ అందంగా ఉంది. మెరిసే కళ్లు, మంచులో పరుగులు, యజమాని వెంట వేట, ఇవేవీ జన్యువుల్లో లేవు. జన్యువుల్లో ఉన్నది ఇంతే: మధ్యరకం నుంచి పెద్ద ఒడ్డూపొడుగూ, బూడిద గోధుమ కలిసిన రంగో లేక పూర్తి నలుపో ఉన్న బొచ్చు, చూపులకు నేటి అలాస్కన్ మాలమ్యూట్‌కో హస్కీకో దగ్గర. రంగు దగ్గర ఆ "లేక"ను దాచొద్దు. ఇంకోటి, దాని తల్లిదండ్రులు దగ్గర చుట్టాలయ్యుండాలి, మేనరికపు ఛాయలున్నాయి. కుక్కలన్నీ ఒకదానికొకటి బాగా దగ్గర పోలికలున్న చిన్న మందలో, పరాయి కణాన్ని ఒళ్లు అంత తేలిగ్గా పసిగట్టకపోవచ్చు, క్యాన్సర్ మొదటిసారి దాటడానికి అదే సందు ఇచ్చిందేమో అని ఒక ఊహ ఉంది. నువ్వు కళ్ల గురించి రాసిన నాలుగు వాక్యాల బదులు ఈ ఊహ రాయి. ఊహే అని చెప్పి మరీ రాయి.

ఇప్పుడు నీ వ్యాసంలో అసలైన తప్పు దగ్గరికి వస్తున్నాను. బాధపడకు, చాలామంది పత్రికలవాళ్లూ ఇదే రాశారు. "కొలంబస్‌కు ముందు అమెరికాలో ఉన్న కుక్కలు అంతరించిపోయి క్యాన్సర్ రూపంలో మిగిలాయి" అన్నావు. ఈ మాట 2018 పరిశోధన నుంచి వచ్చిందని నాకు తెలుసు. ఆ పరిశోధన ఏం చెప్పిందో నింపాదిగా చూద్దాం.

మాయిరా నీ లియాలవార్, ఏంజెలా పెర్రీ, లారెంట్ ఫ్రాంట్జ్, గ్రెగర్ లార్సన్, మర్చిసన్, ఇంకా చాలామంది కలిసి చేసిన పని అది. ఉత్తర అమెరికా, సైబీరియా తవ్వకాల్లో దొరికిన పాత కుక్కల ఎముకల నుంచి 71 మైటోకాండ్రియా క్రమాలు (మైటోకాండ్రియా అంటే కణంలో శక్తిని తయారుచేసే భాగం, తల్లి నుంచి వచ్చే సొంత డీఎన్ఏ దానికి ఉంటుంది), 7 కేంద్రక జన్యుక్రమాలు రాబట్టారు. ఇలినాయ్ రాష్ట్రంలో దాదాపు 10 వేల ఏళ్ల కిందట మనుషులు విడివిడిగా గొయ్యి తీసి పాతిపెట్టిన కుక్కలున్నాయి, కోస్టర్ అనే చోట. న్యూఫౌండ్‌లాండ్ తీరంలో పోర్ట్ ఓ ష్వా దగ్గర దొరికిన కుక్కది 4 వేల ఏళ్ల నాటి ఎముక. వర్జీనియాలో దొరికింది వెయ్యేళ్ల నాటిది. ఇవన్నీ ఒకే కుటుంబం. అక్కడి తోడేళ్లను మచ్చిక చేసుకుంటే వచ్చినవి కావు. సైబీరియా వైపు నుంచి మనుషుల వెంట నడిచొచ్చినవి. తల్లివైపు చూస్తే వాటికి దగ్గర చుట్టాలు తూర్పు సైబీరియా సముద్రంలో జోఖోవ్ అనే దీవిలో 9 వేల ఏళ్ల కిందట ఉన్న కుక్కలు. యూరప్‌వాళ్లు దిగాక ఈ కుటుంబం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఇవాళ అమెరికాలో తిరిగే కుక్కల్లో వాటి వారసత్వం వెతికితే ఏమీ లేనంత తక్కువ. జబ్బులొచ్చాయా, కొత్తగా వచ్చినవాళ్లు వాటిని చంపారా, పెంచొద్దన్నారా, కారణం ఇంకా తేలలేదు.

ఈ ఎముకల పక్కన కణితిలోని తొలి కుక్కను పెట్టి చూస్తే, ఇవాళ మన మధ్య ఉన్న ఏ కుక్కకన్నా ఆ అమెరికా కుక్కలకే అది దగ్గరగా వచ్చింది. ఆ దగ్గరితనానికి రెండు అర్థాలు పొసుగుతాయి. ఆ తొలి కుక్క అమెరికా కుక్కల్లో ఒకటి కావచ్చు. లేదా ఆ కుక్కల ముత్తాతలు సైబీరియాలో ఉన్నప్పుడే విడిపోయిన ఇంకో శాఖకు చెందినది కావచ్చు, అంటే దాయాది. వాళ్లు రెండో అర్థం వైపు మొగ్గారు. తర్వాత 2019లో మర్చిసన్ బృందంలోని అడ్రియన్ బాయెజ్ ఒర్టేగా, ఇతరులు 43 దేశాల నుంచి 546 కణితులు సేకరించి వంశవృక్షం గీస్తే, జబ్బు ఆసియాలో పుట్టిందనీ, అమెరికాకు 500 ఏళ్ల కిందట మాత్రమే, యూరప్ ఓడల కాలంలో చేరిందనీ కనిపించింది. అంటే అమెరికా కుక్కల దాయాది కణితి రూపంలో, వాటిని తుడిచిపెట్టినవాళ్ల ఓడల్లోనే, అదే కాలంలో ఆ గడ్డ మీద దిగింది. నీకు కావలసిన విషాదం ఇందులో ఉంది. "అమెరికా కుక్కే క్యాన్సర్‌గా మిగిలింది" అనేస్తే ఈ విషాదం కనపడకుండా పోతుంది.

అదే 2019లో ఇంకో బృందం కణితి జన్యుక్రమంలో కయోటీ జాడ ఉందని చెప్పింది. కయోటీ ఉత్తర అమెరికాలో ఉండే, నక్కకూ తోడేలుకూ మధ్యస్థంగా కనిపించే జంతువు. ఆ జాడ నిజమైతే తొలి కుక్క అమెరికాలో తిరిగి ఉండాలి. రెండు బృందాల లెక్కలూ ఒకదానితో ఒకటి పూర్తిగా పొసగవు. నీ వ్యాసంలో ఈ సంగతి లేదు. చదివి కూడా వదిలేశావని నా అనుమానం, ఎందుకంటే మిగతా చోట్ల నువ్వు చాలా లోతుగా చదివావు. కథకు అడ్డొస్తుందని వదలొద్దు. తగాదా ఉన్నచోట తగాదా ఉందని రాస్తే చదివేవాళ్లకు నీ మీద నమ్మకం పెరుగుతుంది. నా వరకూ 546 కణితుల వంశవృక్షమే బరువుగా తోస్తుంది, కానీ తొలి కుక్క సొంత ఎముకో, దాని కాలపు దగ్గర చుట్టాల ఎముకలో సైబీరియాలో ఇంకొన్ని దొరికేదాకా తలుపు వేసెయ్యలేను.

మైటోకాండ్రియా దగ్గర కూడా జారావు. "బ్రెజిల్ కణితి మైటోకాండ్రియా ఫలానా గుంపుకు చెందింది కాబట్టి తొలి కుక్క ఫలానా చోటిది" అని ఒక వాదన అల్లావు. మామూలు కుక్కలకైతే ఇది చెల్లుతుంది. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది, దాన్ని పట్టుకుని తల్లివైపు వంశం పైకి వెళ్లొచ్చు. ఈ కణితికి చెల్లదు. ఈ కణాలు తాము బతుకుతున్న కుక్కల నుంచి మైటోకాండ్రియాను లాక్కున్నాయి. 2011లోనే ఈ సంగతి బయటపడింది. 2016లో ఆండ్రియా స్ట్రకోవా, మర్చిసన్ వాళ్లు 39 దేశాల్లోని 449 కణితులు చూసి, కనీసం 5 సార్లు ఇలా జరిగిందని తేల్చారు. కాబట్టి కణితి మైటోకాండ్రియాలో కనిపించేది తొలి కుక్క తల్లి కాదు, దారిలో ఆశ్రయమిచ్చిన ఏదో కుక్క తల్లి. ఆ పేరా మొత్తం కొట్టెయ్. అయితే ఆ మైటోకాండ్రియాలు ఇంకో పనికి బ్రహ్మాండంగా ఉపయోగపడతాయి. కణితి ఏ రేవు నుంచి ఏ రేవుకు, ఏ కాలంలో పోయిందో వాటితో గుర్తుపట్టొచ్చు. సముద్ర వర్తకం నడిచిన దారులన్నిటా కుక్కలూ పోయాయి, వాటి వెంట ఇదీ పోయింది. కొట్టేసిన పేరా జాగాలో ఇది రాయి.

వయసు గురించి. ఒక పేజీలో 11 వేల ఏళ్లన్నావు, ఇంకో పేజీలో 8 వేలు, శీర్షికలో మళ్లీ 8 వేలు. మూడూ ఎక్కడివో నాకు తెలుసు. 2014 లెక్క దాదాపు 11 వేలు. 2018లో ఎక్కువలో ఎక్కువ 8,225 ఏళ్లన్నారు. 2019లో 4,000 నుంచి 8,500 మధ్య అన్నారు. మ్యుటేషన్లు ఎన్ని పోగుపడ్డాయో లెక్కపెట్టొచ్చు. ఏడాదికి ఎన్ని చేరతాయన్నది అంచనా. ఆ అంచనా మెరుగైన కొద్దీ వయసు మారుతుంది. ఇది రెండు వాక్యాల్లో చెప్పి, చివరి లెక్కనే వ్యాసం మొత్తం వాడు.

2019 పనిలో నువ్వు వదిలేసిన ఒక ముత్యం ఉంది. ఈ కణితి బయటికి పొడుచుకొస్తుంది కాబట్టి దానికి ఎండ తగులుతుంది. అతినీల లోహిత కిరణాలు డీఎన్ఏ మీద తమదైన గుర్తు వేస్తాయి. భూమధ్య రేఖకు దగ్గరున్న దేశాల కణితుల్లో ఆ గుర్తు ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. అంటే ఒక కణితి శాఖ ఏ ఎండల్లో బతికిందో దాని డీఎన్ఏలో నమోదై ఉంది. పైగా, వేల ఏళ్ల కిందటి మార్పుల్లో మాత్రమే కనిపించే ఇంకో గుర్తు ఉంది. దాదాపు వెయ్యేళ్ల కిందట ఆగిపోయింది. మరే క్యాన్సర్‌లోనూ అలాంటిది చూడలేదు, కారణం అంతుపట్టలేదు. ఈ రెండింటికీ ఒక పేరా ఇస్తే నీ చివరి భాగం లేచి కూర్చుంటుంది.

ఇంకో మాట, ఇది నాకు చాలా ముఖ్యం. నీ వ్యాసంలో కుక్కలున్నాయి, క్యాన్సర్ ఉంది, ఆ కుక్కల్ని పెంచిన మనుషులు లేరు. అమెరికా పశ్చిమ తీరంలో కోస్ట్ సాలిష్ అనే ఆదివాసీ జాతులు ఉన్నితో నిండిన కుక్కల్ని ప్రత్యేకంగా పెంచి, గొర్రెల్లాగే వాటి బొచ్చు కత్తిరించి, దుప్పట్లు నేసేవాళ్లు. ఆ కుక్కలు ఇప్పుడు లేవు. 1859లో చచ్చిపోయిన మటన్ అనే కుక్క చర్మం మాత్రం అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థలో ఉంది. 2023లో దాని డీఎన్ఏ చదివితే, యూరప్ కుక్కలు వచ్చి అన్నేళ్లయినా దాని వంశంలో చాలా భాగం పాత అమెరికా కుక్కలదేనని తేలింది. ఆ పరిశోధకులు ఎముకలూ చర్మాలతో సరిపెట్టుకోలేదు, సాలిష్ పెద్దలనూ నేతగాళ్లనూ కూర్చోబెట్టి అడిగారు. ఆ కుక్కల్ని వదిలించుకోమని వలస పాలకులు తమ పూర్వీకులను ఎలా ఒత్తిడి చేశారో వాళ్లు చెప్పారు. "అంతరించిపోయాయి" అని ఒక్క మాటలో దాటేసిన చోట ఈ మనుషుల్ని తీసుకురా. వాళ్ల ఇళ్లలోంచి పోయిన కుక్కలవి.

చివరగా మన వీధి కుక్క. నీ వ్యాసం వెబ్‌లోకి వెళ్తుంది, వాట్సాప్‌లో తిరుగుతుంది. "అంటుకునే క్యాన్సర్" అన్న రెండు మాటలు మాత్రమే ముందుకు పోతాయి. ఇప్పటికే మన ఊళ్లలో వీధి కుక్కల మీద జనం మండిపడుతున్నారు. రేపు ఎవరో ఆ రెండు మాటలు చదివి, వీధి చివర నెత్తురోడుతున్న కుక్కను కర్రతో తరిమితే అందులో నీ వాక్యానికీ నా సలహాకూ వాటా ఉంటుంది. అందుకే వ్యాసం మొదటి సగంలోనే మూడు సంగతులు తేటగా చెప్పు. ఇది మనుషులకు అంటదు. చాలా కుక్కలకు నయమవుతుంది. మందు ఖరీదైన పరదేశీ రహస్యం ఏమీ కాదు, విన్‌క్రిస్టిన్, వారానికొకటి చొప్పున కొన్ని వారాలు నరానికి ఎక్కించే ఇంజెక్షన్. ఆ మందు మొదట దొరికింది మన పెరట్లో పెరిగే బిళ్లగన్నేరు మొక్కలోనే. వేల ఏళ్లు ఖండాలు దాటి వచ్చిన కణం బిళ్లగన్నేరు దెబ్బకు కొన్ని వారాల్లో కరిగిపోతుంది. కొన్ని కుక్కల్లోనైతే ఒంట్లోని రోగనిరోధక శక్తే దాన్ని తరిమేస్తుంది. పట్టుకుని, మూతి కట్టి, ప్రతి వారం మళ్లీ పట్టుకుని తేవడమే అసలు కష్టమని నీకు నాకన్నా బాగా తెలుసు. అది కూడా రాయి.

బ్రిటన్‌లో ఈ జబ్బు 20వ శతాబ్దంలో కనుమరుగైంది. దాని మీద ఎవరూ యుద్ధం ప్రకటించలేదు. కుక్కలు యజమాని లేకుండా తిరగకుండా చట్టాలొచ్చాయి, దాంతో అది కూడా పోయింది. ప్రపంచంలో కనీసం 90 దేశాల్లో ఇంకా ఉంది. కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు సరిగ్గా జరిగే ఊళ్లో, ఈ జబ్బు విషయంలో అవి ఎంత మేలు చేస్తాయో మీ సర్జరీ విభాగంలో అడిగి రెండు వాక్యాలు కలుపు. నాకు తెలిసి ఆపరేషన్ల గురించి ఎంతో రాస్తారు, దీని గురించి ఎవరూ రాయరు.

వచనం సంగతి పెద్దగా చెప్పేదేమీ లేదు. నీ వాక్యం చక్కగా నడుస్తోంది. "అద్భుతం", "ఆశ్చర్యకరం", "నమ్మశక్యం కాని" అన్నవి అడుగడుగునా ఉన్నాయి, తీసెయ్. "జీనోమ్" అని ఒకచోట, "జన్యుక్రమం" అని ఒకచోట, "జన్యు పటం" అని ఇంకోచోట రాశావు, ఒకటే ఉంచు. ఎముకల నుంచి డీఎన్ఏ తీసే పద్ధతి గురించి రాసిన పేజీన్నర ఈ వ్యాసానికి బరువు. దాన్ని దాచుకో, విడిగా ఇంకో వ్యాసం అవుతుంది.

కొత్త ప్రతి రాసేముందు ఒక పని చెయ్యి. క్లినిక్‌లో ఈసారి ఈ కేసు వచ్చినప్పుడు మీ మేడమ్‌ను అడిగి స్లైడు నువ్వే తయారుచేసి, మైక్రోస్కోప్ ముందు తొందర లేకుండా కూర్చో. కణాల అంచులు, ఆ ఖాళీలు, మధ్యలో అక్కడక్కడా కనిపించే తెల్లకణాలు, ఏది ఎవరిదో గుర్తుపట్టి బొమ్మ గీసుకో. ఒకే గాజుపలక మీద ఇప్పటి కుక్క కణాలూ ఎప్పటిదో కుక్క కణాలూ పక్కపక్కన ఎలా ఉన్నాయో చూసి రాసిన పేరానే వ్యాసానికి మొదటి పేరా చెయ్యి. దాంతోపాటు దాయాది భాగం తిరగరాసి, ఆ రెండూ ముందు నాకు పంపు. మిగతాది ఆ తర్వాత చూద్దాం. పరీక్షలు అయ్యాకే పంపినా పర్వాలేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు